అమ్మ చెప్పని జవాబు

మొన్న ఎండాకాలంలో మా చెల్లెలి కొడుకు నిఖిల్ హనుమకొండలో మా ఇంటికి వచ్చి రెండు రోజులు ఉన్నాడు. పొద్దున టిఫిను దగ్గర కూర్చుని, ఉప్మాలో నిమ్మకాయ పిండుకుంటూ, బస్సు ఆలస్యమైందని చెప్పినంత మామూలుగా, "పెద్దమ్మా, నాకు ఓసీడీ ఉందట. కౌన్సెలింగ్‌కు పోతున్న. గ్యాస్ బంద్ చేసిన్నా లేదా అని చూసిందే చూస్త" అన్నాడు. వాడి గొంతులో సిగ్గు లేదు. నేనే గరిటె చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. "మీ తాతకు కూడా ఉండె రా" అన్నాను. వాడు తినడం ఆపాడు. "మా అమ్మ ఎన్నడూ చెప్పలేదే?" అన్నాడు. వాళ్లమ్మ అప్పటికి చాలా చిన్నది, చెప్పడానికి దానికి గుర్తున్నది తక్కువ. అంతా కళ్లారా చూసినవాళ్లం అమ్మా, నేనూ. అమ్మ ఇప్పుడు లేదు. ఆ పొద్దు వాడికి సగం సగం చెప్పింది ఇక్కడ పూర్తిగా రాయాలనిపించింది.

వరంగల్ బజారులో మాది కిరాణం దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, నడుమ సామాన్ల అర్ర. ఇంట్లోకి ఎవరు రావాలన్నా బస్తాల మధ్య నుంచే రావాలి కాబట్టి మా బట్టలకూ, పుస్తకాలకూ, చివరికి దేవుడి గూట్లో పూలకూ ఎండుమిరపకాయల ఘాటు, గోనెసంచుల వాసన, బెల్లం తీపి కలిసిన ఒక వాసన ఉండేది. కాలేజీలో నా పక్కన కూర్చునే అమ్మాయి "నువ్వు వస్తే ధనియాలు వచ్చినట్టుంటది" అనేది. మధ్యాహ్నం బేరాలు పలచబడే వేళకు అమ్మ సామాన్ల అర్రలో గోడకు ఆనుకుని కూర్చుని చాటలో పప్పు చెరిగేది. ఆ చప్పుడుకే మా నాయనమ్మ కునికేది. నాయనమ్మకు కడిగిన చెంబును మళ్లీ కడిగే అలవాటుండేది. ఆమె వేళ్ల చివర్లు ఎప్పుడూ నానిపోయి తెల్లగా, ముడతలుపడి ఉండేవి. అది మడి అనుకునేవాళ్లం. ఎక్కువైతే ముసలితనపు చాదస్తం అనేవాళ్లం. అంతకంటే వేరే మాట మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మా నాన్నను మేం బాపు అని పిలిచేవాళ్లం. బజారులో అందరికీ ఆయన వైకుంఠం సేటు. జాగ్రత్త గల మనిషి. తరాజు ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాడు. పొట్లం కట్టి దారం తెంపాక ఒకసారి వేలితో నొక్కి, ముడి గట్టిగా ఉందనుకున్నాకే ఇచ్చేవాడు. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్ల నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి మనుషులు ఆయన కోసమే మా దుకాణానికి వచ్చేవాళ్లు. ఆ జాగ్రత్తే తర్వాత ఆయన మెడకు చుట్టుకుంటుందని ఎవరనుకుంటారు?

మా ఎదురుగా ఎరువులు, పురుగుమందులు అమ్మే దుకాణం ఉండేది. నేను డిగ్రీలో చేరిన ఏడు, పంటకు మందులు కొట్టే రోజుల్లో, ఒక రైతు అక్కడ డబ్బా కొనుక్కుని మా దగ్గరికి వచ్చాడు. సామాను కట్టించుకుంటూ ఆ డబ్బాను కందిపప్పు బస్తా అంచు మీద పెట్టాడు. మూత బిగించే ఉంది. చుక్క కారలేదు. బాపు "కింద పెట్టు" అన్నాడు, అతను పెట్టాడు, సామాను తీసుకుని వెళ్లిపోయాడు. జరిగింది అంతే. కానీ అంతకు కొన్నాళ్ల ముందు, ఎక్కడో ఒక ఊళ్లో మందు సంచిలో పోసిన జొన్నలు తిని ఒక ఇంటిల్లిపాదీ దవాఖాన పాలయ్యారని బజారంతా చెప్పుకుంది. ఆ మాటా ఈ డబ్బా బాపు మనసులో ఒకదానికొకటి అతుక్కున్నాయి. సాయంత్రానికి ఆయన ఆ బస్తా మూతి కుట్టేసి, కూలివాడి చేత దూరంగా తీసుకుపోయి పాతిపెట్టించాడు. "పోనీలే, మనసుకు నెమ్మది" అంది అమ్మ.

మనసుకు నెమ్మది ఆ ఒక్క పూటే. మరునాడు, కందిపప్పు తూచిన గిన్నెలోనే శెనగపిండి తూచానని గుర్తొచ్చింది. గిన్నె కడిగాడు. ఆ నీళ్లు తగిలిన చేతితో బెల్లం ముట్టానని గుర్తొచ్చింది. తర్వాత దారం ఉండ మీద అనుమానం, ఆ తర్వాత తన వేళ్ల మీదే అనుమానం. ప్రతి బస్తాలోంచీ గింజలు తీసి పచ్చివే నమిలి, తనకేమీ కాలేదని రూఢి చేసుకున్నాకే అమ్మేవాడు. కట్టిన పొట్లం విప్పి మళ్లీ తూచేవాడు. కొన్నవాళ్లు నాలుగడుగులు వేశాక వెనక్కి పిలిచేవాడు. ఆయన ఎవరికీ హాని చెయ్యని మనిషి. అందుకేనేమో, తన చేతి మీదుగా ఎవరైనా చచ్చిపోతారేమోనన్న ఊహ ఆయన్ను అంతగా పీడించింది. అడ్డమైన ఆలోచన ఎవరికైనా వస్తుంది, పోతుంది. ఆయనకు వచ్చింది పోయేది కాదు. వచ్చినప్పుడల్లా నిజంగా చేసిన పాపంలాగే తగిలేది.

అప్పుడు మొదలైంది ప్రశ్న. "ఏమే, మంచిగనే కట్టిన్నా? దాంట్ల ఏం కలువలేదు గదా?" అమ్మ చాట పక్కన పెట్టి, "మంచిగనే కట్టిన్రు. నేను చూసిన. ఏం కలువలేదు" అనేది. ఆయన ముఖం తేటపడేది. కొద్దిసేపట్లోనే మళ్లీ అదే ప్రశ్న. అమ్మ లేకపోతే నన్ను. నేను పుస్తకం మూసి, "ఏంగాలేదు బాపూ" అనేదాన్ని. ఇంట్లో మాటలన్నీ పోయి ఆ ఒక్క ప్రశ్న, ఆ ఒక్క జవాబు మిగిలాయి.

ఒక మధ్యాహ్నం ఆయన ఉన్నట్టుండి లేచి చెప్పులేసుకుని కొత్తవాడ దిక్కు నడిచాడు. అమ్మ నన్ను వెంట పంపింది. సారయ్య అని, తాతల నాటి నుంచి మా దగ్గరే సామాను కొనే, ఆ పొద్దున కూడా కందిపప్పు తీసుకుపోయిన నేతపని ఆయన ఇంటికి పోయాడు. సారయ్య మగ్గం మీద ఉన్నాడు. బాపు పలకరించకుండానే వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద ఉడుకుతున్న పప్పు కుండ మూత తీశాడు. సారయ్య భార్య లచ్చమ్మ కెవ్వుమంది.

"ఏంది సేటూ గిది? మా వంటింట్ల జొచ్చి కుండల చెయ్యి పెడ్తవా?"

"తినకుండ్రి అవ్వా. నీ కాళ్లు మొక్కుత. పారబొయ్యి. నేను వేరే ఇస్త."

"ఎందుకు పారబొయ్యాలె? ఏం గలిపినవు దీంట్ల?"

ఆ మాటకు బాపు అక్కడే కూలబడ్డాడు. సారయ్య మగ్గం దిగి వచ్చి ఆయన్ను లేపి, నీళ్లు తాగించి, నా దిక్కు చూసి మెల్లగా, "ఇంటికి తీస్కపో బిడ్డా. సేటు పానం మంచిగ లేదు" అన్నాడు. దారి పొడుగునా మగ్గాల దగ్గర ఆడవాళ్లు నిలబడి చూశారు. నేను బాపు చెయ్యి వదలకుండా నడిచాను. ఆయన చెయ్యి చల్లగా, చెమటతో తడిసి ఉంది.

ఆ తర్వాత బజారులో మాట పుట్టింది. సేటుకు పిచ్చి లేచిందని కొందరు, సామాన్లలో నిజంగానే ఏదో ఉందని కొందరు. గిరాకీ పడిపోయింది. బంధువులు వచ్చి తాయెత్తు కట్టించారు, వారాల ఉపవాసాలు పట్టించారు, దిష్టి తీయించారు. తాయెత్తు కట్టిన తాడు ఏ దుకాణంలో కొన్నారో అని బాపు దాన్ని కూడా తెంపేశాడు. చివరికి మా చిన్నాయన వచ్చి కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, అన్న మీద ప్రేమ ఉన్నవాడే. "వదినే, దుకాణం బంద్ పెడదం. అన్నను పట్నం తీస్కపోయి పిచ్చి దవాఖానల జేర్పిస్త. నల్గురు నవ్వుతాన్రు" అన్నాడు.

అమ్మ బాపు ఎదుటే జవాబు చెప్పింది. "ఆయన పిచ్చోడు గాదు. ఆయనకు భయం పట్టుకున్నది. భయానికి ఇయ్యాల దుకాణం మూస్తే రేపు ఇంటి తలుపు గూడ మూసుకోవాలె. నేను మూయ."

"మరేం జేస్తవు?"

"నాకెర్క లేదు. ఎర్కున్నోళ్లను అడుగుత."

పచ్చి గింజలు నమిలీ నమిలీ బాపుకు కడుపునొప్పి పట్టుకుంది. ఆ వంకతో అమ్మ ఆయన్ను పెద్ద దవాఖానకు తీసుకెళ్లింది. కడుపు చూసిన డాక్టరు గింజలు ఎందుకు తింటున్నారని అడిగితే అమ్మ దాచకుండా అంతా చెప్పింది. ఆయన చీటీ రాసి, వరండా చివర ఉన్న మానసిక వైద్యుల గదికి పంపాడు. ఆ వరండాలో నడుస్తుంటే అమ్మ కొంగు తల మీదికి లాక్కోలేదు. తెలిసినవాళ్లు ఎదురైతే "ఎటు పోతాన్రు?" అని అడగకముందే "గా గదికే" అని చూపించింది. నాకు భూమిలోకి దిగబడిపోదామన్నంత సిగ్గుగా ఉంది. అమ్మ మాత్రం తలెత్తుకుని నడిచింది.

అక్కడి డాక్టరు వయసులో చిన్నవాడు. బాపును తొందరపెట్టలేదు. "సేటుగారూ, మందు కలిపినట్టు ఆలోచన వస్తది. కలపాలని మీకు కోరిక ఉన్నదా?" అని అడిగాడు. బాపు చెవులు మూసుకుని, "అయ్యో, రామ రామ!" అన్నాడు. "మరి, కోరిక లేనోనికే ఈ ఆలోచన ఇంత నొప్పి పెడ్తది" అన్నాడు డాక్టరు. దీన్ని, ఇప్పుడు ఓసీడీ అనేదాన్నే, అబ్సెషనల్ న్యూరోసిస్ అంటారని, ఇది పిచ్చి కాదని, ఆలోచన రావడం ఒక సగమైతే దాన్ని చల్లార్చుకోవడానికి కడగడం, చూడడం, అడగడం రెండో సగమని విడమరిచాడు. "ఎందుకొచ్చింది సార్?" అంది అమ్మ. "ఒక్క కారణమని చెప్పలేనమ్మా. మెదడు తీరు కొంత, ఇంటి రక్తంల కొంత, ఆయన స్వభావం కొంత. భయపడ్డ సందర్భం దాన్ని లేపుతది. ఎవ్వల తప్పూ గాదు." ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగినప్పుడు నాకు నాయనమ్మ నానిన వేళ్లు కనబడ్డాయి. చెప్పాను. ఆయన తల ఊపి రాసుకున్నాడు.

మాత్రలు ఇచ్చి, నోరు ఎండిపోతుందనీ, మత్తుగా ఉంటుందనీ, గుణం కనబడడానికి వారాలు పడుతుందనీ చెప్పాడు. తర్వాత అమ్మ దిక్కు తిరిగాడు. "అసలు కష్టం మీదేనమ్మా. ఆయన అడిగినప్పుడల్లా మీరు ఏంగాలేదని చెప్తాన్రు గదా. ఆ జవాబు జరసేపే పనిచేస్తది. తర్వాత ఇంకో జవాబు గావాలె. ఇగ మీరు చెప్పొద్దు. నాకు తెల్వదు అనుండ్రి. ఆ భయం తోటి ఆయన కూసోవాలె. కూసుంటే అదే తగ్గుతదని ఆయనకే తెలువాలె." ఆ గదిలోనే బాపు ఒప్పుకున్నాడు. తల వంచుకుని, "చేస్త సార్. నేను మల్ల దుకాణం నడపాలె" అన్నాడు.

ఆ మరునాటి నుంచి అమ్మ సామాన్ల అర్రలోంచి లేచి వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. మా బజారులో అప్పటికి సేట్ల ఇళ్ల ఆడవాళ్లు దుకాణంలో కూర్చునేవాళ్లు కాదు. వచ్చేపోయేవాళ్లు వింతగా చూశారు. అమ్మ నియమం ఒక్కటే. ఒకసారే తూచాలి, ఒకసారే కట్టాలి, కట్టింది విప్పొద్దు, పోయిన మనిషిని వెనక్కి పిలవొద్దు. బాపు పొట్లం ఇచ్చేసి, అరచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. చెమటలు పోసేవి. "ఏమే, మంచిగనే కట్టిన్నా?" అనేవాడు. అమ్మ రోడ్డు దిక్కు చూస్తూ, "ఏమో, నాకు తెల్వదు" అనేది.

ఆ మాట అనడం ఎంత కష్టమో అన్నవాళ్లకే తెలుసు. ఒకనాడు బాపు బతిమాలాడు, తర్వాత కోపానికి వచ్చాడు. "పెండ్లామువై గింత కనికరం లేదా? ఒక్క మాట జెప్తే నీ నోరు అరుగుతదా?" అని అరిచాడు. అమ్మ కదల్లేదు. "తెల్వదు" అంది. ఆ తర్వాత లేచి వెళ్లి ఎండుమిరపకాయల బస్తాల వెనక కూర్చుని ఏడ్చింది. నేను వెళ్తే కళ్లు తుడుచుకుని, "మిరపకాయల ఘాటే" అంది. నన్ను కూడా అడిగేవాడు బాపు. చెప్పేస్తే ఆయన ముఖం వెంటనే తేటపడుతుందని తెలుసు. అయినా "తెల్వదు బాపూ" అని పుస్తకంలో తల దూర్చుకునేదాన్ని. ఒక్క అక్షరం ఎక్కేది కాదు.

మాత్రలు తమ పని తాము చేశాయి. నోరెండిపోయి బాపు ఎప్పుడూ లవంగం నములుతుండేవాడు, మధ్యాహ్నాలు బస్తాల మీదే నిద్రపోయేవాడు. కొన్ని వారాలకు ప్రశ్నకూ ప్రశ్నకూ నడుమ ఎడం వచ్చింది. తర్వాత ఒకరోజు ఆయన పొట్లం కట్టి ఇచ్చి, నోరు తెరిచి, అమ్మ దిక్కు చూసి, అడగకుండానే మూసుకున్నాడు. అమ్మ చూడనట్టే ఉంది. ఆ సాయంత్రం మాత్రం మా ఇంట్లో సేమియా పాయసం వండింది.

అలాంటి రోజుల్లో సారయ్య వచ్చాడు. కూతురి పెళ్లి కుదిరిందని, వంట సామాను మొత్తం మా దగ్గరే కావాలని అన్నాడు. బాపు ముఖం పాలిపోయింది. "వద్దు సారయ్యా, పెండ్లి వంట. వేరే దుకాణంల తీస్కో" అన్నాడు.

"మా నాయిన పెండ్లికి మీ తాత సామానే గదా సేటూ. నేనెక్కడికి పోను?"

"ఆ పొద్దు నేను మీ ఇంట్ల..."

"పానం బాగలేకుంటే ఎవ్వలకైనా గంతే. లచ్చమ్మ గూడ మీ దగ్గర్నే తెమ్మన్నది."

అమ్మ గల్లా దగ్గర్నుంచి, "చెప్పు సారయ్యా, ఏమేం గావాలె?" అంది. బాపు ఆమె దిక్కు కోపంగా చూశాడు. కాసేపటికి లేచి తరాజు అందుకున్నాడు. కందిపప్పు, చింతపండు, బెల్లం, శెనగపిండి, అన్నీ ఒక్కసారే తూచాడు. బండి కదిలిపోతుంటే దుకాణం గుంజను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. వెనక్కి పిలవలేదు.

చెల్లెల్ని నాయనమ్మ దగ్గర ఉంచి పెళ్లికి మేం ముగ్గురం పోయాం. బాపు అడుగుపెట్టగానే మొదటి బంతిలో కూర్చుంటానన్నాడు. ఎందుకో అమ్మకు తెలుసు. ఏదైనా అయితే ముందు తనకే కావాలని. "అట్ల తినుడు గూడ సూసుడే అయితది. మూడో బంతిల కూసుందం" అంది. మగ్గాలు ఆపేసిన ఆ వాడలో, వాళ్లు నేసిన జంపఖానాల మీదే జనం వరుసలుగా కూర్చుని తింటున్నారు. రెండు బంతులు లేచేదాకా బాపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తినే ప్రతి ముఖాన్నీ చూస్తున్నాడు. రెండో బంతి నడుస్తుండగా, మొదటి బంతిలో తిన్న ఒక పసివాడు పందిరి మూలన పడుకుని ఉండడం ఆయన కంటబడింది. నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"బిడ్డా, గా పిలగాడు ఎందుకు పండుకున్నడు?"

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకూ అనుమానం వచ్చింది. వెళ్లి వాణ్ని కదిపి చూద్దామని అడుగు వేశాను. అమ్మ నా కొంగు పట్టుకుని ఆపింది.

"ఏమే, సూసొద్దమా? ఒక్కసారి..." అన్నాడు బాపు.

"ఎందుకు పండుకున్నడో నాకు తెల్వదు" అంది అమ్మ, నా కొంగు వదలకుండా.

మూడో బంతికి పిలిచారు. బాపు ఆ పిల్లవాడి దిక్కు చూశాడు, మా దిక్కు చూశాడు. వెళ్లి విస్తరి ముందు కూర్చున్నాడు. పిల్లవాడు ఇంకా లేవలేదు. బాపు పప్పు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కన్నీళ్లు గడ్డం మీదుగా కారుతుంటే తుడుచుకోలేదు, తినడం ఆపలేదు. విస్తరిలో మెతుకు మిగలకుండా తిన్నాడు. మేం చేతులు కడుక్కునే వేళకు వాడు లేచి, లడ్డు కావాలని వాళ్లమ్మ కొంగు పట్టుకుని రాగం తీస్తున్నాడు. బాపు వాడి దగ్గరికి పోలేదు. వాడి దిక్కు ఒకసారి చూసి, సారయ్యకు చెప్పి బయలుదేరాడు.

జబ్బు ఆ రోజుతో పోలేదు. నా పెళ్లి కుదిరినప్పుడు ఒకసారి, నాయనమ్మ పోయినప్పుడు ఒకసారి మళ్లీ ముదిరింది. మళ్లీ దవాఖాన, మళ్లీ మాత్రలు, మళ్లీ "తెల్వదు". కానీ దుకాణం ఒక్కరోజు కూడా ఆ భయం వల్ల మూతపడలేదు. ఇప్పటి పిల్లలకు ఈ జబ్బులకు పేర్లు తెలుసు. ఫోనులో చూసుకుంటారు, స్నేహితులకు చెప్పుకుంటారు. మంచిదే. మాకు ఉన్నవి పిచ్చి, చాదస్తం, గాలి, దిష్టి అనే నాలుగు మాటలు, ఒక తాయెత్తు. ఆ నాలుగు మాటల్లో దేనికీ లొంగకుండా, చదువు అంతగా లేని అమ్మ ఆయన్ను ఆ వరండా చివరి దాకా నడిపించింది. నాయనమ్మ మాత్రం చెంబు కడుగుతూనే పోయింది. ఆమెకు కూడా అదే ఉందని తెలిసినా, ముసలామెకు ఇప్పుడెందుకులే అనుకున్నాం. పేరు తెలిసినంత మాత్రాన వైద్యం అందరికీ అందదని నాకు అప్పుడు తెలిసింది.

కొన్నేళ్ల తర్వాత, నేను పుట్టింటికి వచ్చి ఉన్న రోజుల్లో, కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసే ఒకాయన దుకాణానికి వచ్చాడు. ఎవరో చెప్పి పంపారట. గిరాకీ ఎక్కువగా ఉన్న వేళ. ఆయన బాపు చెవి దగ్గర వంగి, తన కోడలు సబ్బులు అరిగేదాకా చేతులు కడుగుతోందని, తోలు ఊడి వస్తోందని, పుట్టింటికి పంపేద్దామని ఇంట్లో అంటున్నారని గుసగుసగా చెప్పాడు.

బాపు తరాజు కింద పెట్టాడు. "గుసగుస ఎందుకన్నా?" అన్నాడు, దుకాణమంతా వినబడేలా. "నాకు గూడ ఉండె. ఇప్పటికీ జర ఉన్నది. దాంతోటే దుకాణం నడుపుతాన్న. కోడల్ని ఎక్కడికీ పంపకుండ్రి. రేపు దవాఖానకు తీస్కరాండ్రి, నేను గూడ వస్త."

బేరం చేస్తున్నవాళ్లు మాటలు ఆపి చూశారు. బాపు ఎవరి దిక్కూ చూడలేదు. మరునాడు పొద్దున అమ్మ గల్లా దగ్గర కూర్చుంది. బాపు ఉతికిన ధోవతి కట్టుకుని, ఆ మామనూ కోడలినీ వెంటబెట్టుకుని, బజారు నడుమ నుంచే నడిచి దవాఖానకు పోయాడు.